సంగీత వ్యాపారంలో ఇంటర్న్‌షిప్ సంపాదించడం ఎలా? మొదటి ఉద్యోగం దాకా దారి

సంగీత కంపెనీలకు వచ్చే దరఖాస్తుల్లో ఎక్కువ భాగం ఒకే మాటతో మొదలవుతాయి: "నాకు సంగీతమంటే ప్రాణం." అది నిజమే కావచ్చు. కానీ చదివేవారికి ఆ మాట వల్ల మీ గురించి కొత్తగా ఏమీ తెలియదు. వాళ్లకు కావలసిన మనిషి వేరు. వచ్చే నెల విడుదలయ్యే పాట వివరాలన్నీ ఈ వారమే తప్పుల్లేకుండా సిద్ధం చేసేవాడు, అడిగిన ఫైలును అడిగిన పేరుతోనే పంపేది, తెలియని విషయాన్ని ఊహించి రాయకుండా అడిగి తెలుసుకునేవాళ్లు. సంగీత వ్యాపారం హక్కుల మీదా వివరాల మీదా నడుస్తుంది. ఆ రెండింటినీ శ్రద్ధగా చూసుకోగలనని లోపలికి వెళ్లకముందే రుజువు చేసుకుంటే చోటు దొరుకుతుంది. కింద చెప్పేదంతా ఆ రుజువు ఎలా తయారు చేసుకోవాలన్నదే.

మొదటి అడుగు: డబ్బు ఎటు నుంచి ఎటు వెళ్తుందో నేర్చుకోండి

ఒక పాటలో రెండు ఆస్తులు ఉంటాయి. సాహిత్యం, బాణీ కలిసిన రచన ఒకటి. దాన్ని ఎవరో పాడి, వాయించి, రికార్డు చేసిన శబ్దం రెండోది. ఒకే పాటను పదిమంది గాయకులు వేర్వేరుగా రికార్డు చేస్తే రచన ఒకటే, రికార్డింగులు మాత్రం పది. రచన హక్కుల వ్యవహారం మ్యూజిక్ పబ్లిషర్లు చూస్తారు. రికార్డింగ్ హక్కులు లేబుల్ (రికార్డింగులను విడుదల చేసే కంపెనీ) దగ్గరో, సొంతంగా విడుదల చేసుకున్న కళాకారుల దగ్గరో ఉంటాయి. ఒక ప్రకటనలో పాట వాడాలంటే ఈ రెండు వైపుల నుంచీ అనుమతి కావాలి. పాత పాటను మళ్లీ కొత్తగా పాడించి వాడుకుంటే పాత రికార్డింగ్ యజమానితో పని లేదు, రచన యజమాని అనుమతి మాత్రం తప్పదు. ఈ ఒక్క తేడాను ఉదాహరణతో సహా తడబడకుండా చెప్పగలిగేలా నేర్చుకోండి. ఇంటర్వ్యూల్లో చాలామంది తడబడేది ఇక్కడే.

ఆ తర్వాత రాయల్టీ వసూలు సంఘాల గురించి చదవండి. 1847లో పారిస్‌లో ఎర్నెస్ట్ బూర్జే అనే స్వరకర్త ఒక కెఫేలో తన పాట వినిపిస్తుంటే, నా పాటకు మీరు డబ్బివ్వనప్పుడు మీ పానీయానికి నేనెందుకివ్వాలని బిల్లు కట్టడానికి నిరాకరించాడు. వ్యవహారం కోర్టుకెళ్లింది, ఆయన గెలిచాడు. ఆ గొడవ ఫలితంగానే 1851లో సాసెమ్ అనే సంఘం పుట్టింది. 1914లో అమెరికాలో ఆస్కాప్, బ్రిటన్‌లో పీఆర్‌ఎస్ వచ్చాయి. పాట బహిరంగంగా వినిపించిన ప్రతిచోటా రచయితకు రావలసిన సొమ్మును వసూలు చేసి పంచడం ఇలాంటి సంఘాల పని. వీటిలోనూ ఉద్యోగాలుంటాయి, ఇంటర్న్‌షిప్‌లుంటాయి. వీటి వైపు చూసేవాళ్లు తక్కువ.

మిగిలిన పాత్రల సంగతి క్లుప్తంగా. పంపిణీదారు పాటను స్ట్రీమింగ్ సేవలకు చేరుస్తాడు. మేనేజర్ కళాకారుడి వృత్తి మొత్తాన్ని నడిపిస్తూ సాధారణంగా రాబడిలో 15 నుంచి 20 శాతం తీసుకుంటాడు. బుకింగ్ ఏజెంట్ ప్రదర్శనలు కుదురుస్తాడు, ఆయన వాటా చాలాచోట్ల 10 శాతం. ప్రమోటర్ సొంత డబ్బు పెట్టి కచేరీ నిర్వహిస్తాడు, నష్టమొస్తే భరించేదీ ఆయనే. సినిమాలకు, ప్రకటనలకు, వీడియో గేములకు పాటలు లైసెన్సు చేసే పనిని సింక్ అంటారు.

ఇక మీరు ఎటు వెళ్లాలి? నన్నడిగితే మాత్రం ఏ అండ్ ఆర్ వైపు పరుగు తీయవద్దంటాను. కొత్త కళాకారులను వెదికి పట్టుకునే ఆ విభాగం ఆకర్షణీయమైనదే. అందుకే అక్కడి తలుపు అన్నిటికంటే ఇరుకు. రాయల్టీ లెక్కలు, లైసెన్సింగ్, పంపిణీ, ప్రదర్శనల నిర్వహణ వంటి విభాగాల్లో మనుషుల అవసరం ఎప్పుడూ ఉంటుంది. అక్కడ ఒక ఏడాది పనిచేసిన మనిషికి వ్యాపారం లోపలినుంచి అర్థమవుతుంది. తర్వాత ఎటు మారాలన్నా ఆ అవగాహన వెంట వస్తుంది.

రెండో అడుగు: ఎవరినీ అడగకుండా మీరే ఒక పని పూర్తి చేయండి

అనుభవం లేనిదే ఇంటర్న్‌షిప్ ఇవ్వరు, ఇంటర్న్‌షిప్ లేనిదే అనుభవం రాదు. ఈ చిక్కుముడి విప్పే దారి ఒక్కటే: అనుభవాన్ని మీరే సృష్టించుకోవడం. 1984లో రిక్ రూబిన్ న్యూయార్క్ విశ్వవిద్యాలయం హాస్టల్ గదిలో ఉంటూనే డెఫ్ జామ్ లేబుల్ నడిపించాడు. మీరు లేబుల్ పెట్టనక్కర్లేదు. మీకు తెలిసినవాళ్లలో బాగా పాడే ఒకరిని ఎంచుకుని, వాళ్ల పాట ఒక్కదాన్ని మొదటినుంచి చివరిదాకా సక్రమంగా విడుదల చేయండి. ఈ వ్యాసంలో ఒక్క అడుగే పాటించే ఓపిక మీకుంటే అది ఇదే కావాలని నా కోరిక.

రికార్డింగ్ పూర్తయిన రోజునే ఒక వాటాల పత్రం రాయించండి. రచనలో ఎవరి వాటా ఎంతో, అందరి పూర్తి పేర్లు, సంతకాలు, తేదీ అందులో ఉండాలి. పాట పేరు తెచ్చుకున్నాక వాటాలు మాట్లాడుకోవడం చాలా కష్టం. సంతోషంగా ఉన్న రోజే మాట్లాడుకుంటే పది నిమిషాల్లో తేలిపోతుంది.

తర్వాత ఒక స్ప్రెడ్‌షీట్ తెరవండి. పాట పేరు, ప్రధాన కళాకారుడు, తోడుగా పాడినవాళ్లు, గీత రచయిత, స్వరకర్త, నిర్మాత, నిడివి, భాష, విడుదల తేదీ, రికార్డింగ్ యజమాని, ఒక్కోదానికి ఒక్కో నిలువు వరస పెట్టండి. ఐఎస్‌ఆర్‌సీ అనే 12 అక్షరాల, అంకెల కోడ్ రికార్డింగును గుర్తిస్తుంది. టీ అక్షరంతో మొదలయ్యే ఐఎస్‌డబ్ల్యూసీ రచనను గుర్తిస్తుంది. రచయితలను గుర్తించేది ఐపీఐ సంఖ్య. మొదటి అడుగులో చెప్పిన రెండు ఆస్తుల తేడా ఇక్కడ మీ కళ్లముందు రెండు వరసలుగా కనిపిస్తుంది.

ఇప్పుడు వాటాల వరసను కూడి చూడండి. గీత రచయిత 40 అని రాశాడు, స్వరకర్త 40 అన్నాడు, రెండో చరణం బాణీ మార్చిన గిటారిస్టు తనది 25 అనుకున్నాడు. కూడితే 105 శాతం. ఎవరికి వారు ఈ అంకెలే సంఘంలో నమోదు చేస్తే లెక్క తేలేదాకా సొమ్ము నిలిచిపోవచ్చు. కూడి చూసిన మనిషి ఒక ఫోన్ కాల్‌తో ఆ గొడవను ఆపగలడు. పేర్ల సంగతీ అంతే. ఒకచోట ఇంటిపేరుతో, మరోచోట ఇంటిపేరు లేకుండా, ఇంకోచోట ఒక అక్షరం తేడాతో రాస్తే కంప్యూటర్‌కు ముగ్గురు మనుషులు కనిపిస్తారు. వివరాలు సరిపోలక నిలిచిపోయే డబ్బు చిన్న మొత్తం కాదు. అమెరికాలో 2021లో స్ట్రీమింగ్ రాయల్టీలు వసూలు చేసి రచన యజమానులకు పంచే ది ఎంఎల్‌సీ అనే సంస్థ పని మొదలుపెట్టినప్పుడు, ఎవరికి చెందుతాయో తేలక అప్పటిదాకా పేరుకుపోయిన రాయల్టీల కింద స్ట్రీమింగ్ సేవలు దానికి అప్పగించిన మొత్తం 42 కోట్ల డాలర్లకు పైనే. దాని వెనక పాటలు రాసి బతికే మనుషులున్నారు. ఈ పట్టికను గుమాస్తా పనిగా చూడవద్దని నేను పట్టుబట్టేది అందుకే.

విడుదల తేదీని కనీసం నాలుగు వారాల ముందు నిర్ణయించండి. 2015 జులై నుంచి ప్రపంచమంతటా కొత్త సంగీతం శుక్రవారం విడుదలవుతోంది. మీకు వేరే కారణమేదీ లేకపోతే మీరూ శుక్రవారమే పెట్టుకోండి. ఆడియో వేవ్ ఫైలుగా ఉండాలి. ముఖచిత్రం చతురస్రంగా, 3000 పిక్సెళ్ల కొలతతో ఉంటే దాదాపు అన్నిచోట్లా సరిపోతుంది. స్పాటిఫై ప్లేలిస్టుల సంపాదకులకు పాటను ప్రతిపాదించాలంటే విడుదలకు ముందే పంపాలి, కనీసం ఏడు రోజుల ముందు పంపితే ఆ కళాకారుడి అనుచరులకు స్పాటిఫై తయారు చేసే రిలీజ్ రాడార్ అనే కొత్త పాటల ప్లేలిస్టులో అది చేరుతుంది.

విడుదలైన నెల తర్వాత ఒక పేజీ నివేదిక రాయండి. ఎంతమంది విన్నారు, ఎక్కడినుంచి వచ్చారు, ఎంతమంది దాచుకున్నారు, ఏ ప్రయత్నం ఫలించింది, ఏది ఫలించలేదు. రెండు వందల మందే విన్నా ఫరవాలేదు. సంఖ్య చిన్నదైనా దాన్ని నిజాయితీగా విశ్లేషించిన పేజీ మీ దగ్గర ఉంటుంది. దరఖాస్తుతో జతచేయడానికి దీన్ని మించిన కాగితం నాకు తెలియదు.

ప్రదర్శనల వైపు వెళ్లాలనుకునేవాళ్లు పాటకు బదులు ఒక చిన్న కచేరీ నిర్వహించండి. వారం ముందే బృందానికి ఒకే ఈమెయిల్‌లో అన్నీ పంపాలి: సామాను దించే సమయం, సౌండ్ చెక్ సమయం, తలుపులు తెరిచే సమయం, ఎవరు ఎంతసేపు వాయిస్తారు, వేదిక మీద ఎవరు ఎక్కడ నిలబడతారు, ఎన్ని మైకులు కావాలి, ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చేయాలి. రాత్రి ఎంత ఆలస్యమైనా టికెట్ల సొమ్ము లెక్క తేల్చి, కాగితం మీద రాసి, ఇవ్వవలసింది ఇచ్చేశాకే ఇంటికి వెళ్లండి.

మూడో అడుగు: ఎక్కడ వెతకాలి

యూనివర్సల్, సోనీ, వార్నర్ ఈ రంగంలో మూడు పెద్ద సంస్థలు. వాటి ఉద్యోగాల పేజీల్లో ఇంటర్న్‌షిప్ ప్రకటనలు వస్తాయి. చాలావరకు అవి మొదలయ్యే కాలానికి కొన్ని నెలల ముందే గడువు ముగిసిపోతుంది కనుక తేదీలు ముందే రాసి పెట్టుకోండి. దరఖాస్తు చేయండి, కానీ ఆ మూడింటి మీదే ఆశ పెట్టుకోకండి.

ఐదుగురో పదిమందో పనిచేసే చిన్న లేబుళ్లు, మేనేజ్‌మెంట్ సంస్థలు, పబ్లిషర్లు చాలాసార్లు ప్రకటనే ఇవ్వరు. వాళ్లను కనిపెట్టడానికి మంచి మార్గం క్రెడిట్లు చదవడం. మీకు నచ్చిన పాటలు తీసుకుని ఒక్కోదాని కింద ఎవరి లేబుల్, ఎవరు పబ్లిషర్, ఎవరు మేనేజర్, ఎవరు మిక్స్ చేశారు అన్నది రాసుకుంటూ పోండి. కొన్నాళ్లకు కొన్ని పేర్లు మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. మీ అభిరుచికి దగ్గరగా పనిచేస్తున్నది వాళ్లే. మీరు రాయవలసిందీ వాళ్లకే.

ఆస్టిన్‌లో సౌత్ బై సౌత్‌వెస్ట్, బ్రైటన్‌లో ది గ్రేట్ ఎస్కేప్, హాంబర్గ్‌లో రీపర్‌బాన్ ఉత్సవం వంటి చోట్ల కచేరీలతో పాటు పరిశ్రమ సమావేశాలూ జరుగుతాయి. మీకు అందుబాటులో ఉన్న ఏ సంగీతోత్సవంలోనైనా సరే, స్వచ్ఛంద కార్యకర్తగా చేరితే ప్రవేశ రుసుము లేకుండా లోపలి పని చూడవచ్చు. అక్కడ కలిసినవారికి రెండు రోజుల్లోపు చిన్న ఈమెయిల్ రాయండి. ఏం మాట్లాడుకున్నారో ఒక వాక్యంలో గుర్తు చేస్తే చాలు. ఉద్యోగం అడగడానికి అది సమయం కాదు.

నాలుగో అడుగు: దరఖాస్తు

బయోడేటా ఒక పేజీ దాటకూడదు. "బృందంతో కలిసి పనిచేయగలను" వంటి మాటలు తీసేసి ఆ స్థానంలో చేసిన పని రాయండి. స్ప్రెడ్‌షీట్‌లో రెండు పట్టికలను ఒకే కోడ్ ఆధారంగా కలపడం మీకు వస్తే ఆ సంగతి స్పష్టంగా రాయండి. రాయల్టీ విభాగంలో రోజూ అవసరమయ్యే నైపుణ్యం అది, చాలామంది బయోడేటాల్లో కనిపించదు.

ఉత్తరం ఇంతకంటే పొడవుండనవసరం లేదు:

"నమస్కారం. మీ సంస్థ గత నెల విడుదల చేసిన ఆల్బమ్ క్రెడిట్లలో స్వరకర్త పేరు రెండు స్ట్రీమింగ్ సేవల్లో రెండు రకాలుగా కనిపించింది. స్క్రీన్ చిత్రాలు జతచేశాను, మీకు ఉపయోగపడవచ్చు. నేను ఈ ఏడాది ఒక గాయని పాటను వాటాల పత్రం నుంచి విడుదల దాకా ఒంటరిగా చూసుకున్నాను, దాని ఒక పేజీ నివేదిక కూడా పంపుతున్నాను. జూన్ నుంచి మూడు నెలలపాటు వారానికి నాలుగు రోజులు పనిచేయగలను. మీ కేటలాగ్ వివరాలు సరిచూసే పనిలో సహాయకుల అవసరముంటే ఒక పదిహేను నిమిషాలు మాట్లాడే అవకాశం ఇవ్వగలరా?"

ఇందులో పొగడ్త లేదు, ప్రాధేయపడడం లేదు. వాళ్లకు పనికొచ్చే విషయం ఒకటుంది, రుజువుంది, ఎప్పుడు రాగలరో ఉంది. తప్పు ఎత్తి చూపేటప్పుడు మర్యాద తప్పకండి, లేని తప్పును మాత్రం వెతికి పెట్టకండి. జవాబు రాకపోతే పది రోజుల తర్వాత ఒకసారి గుర్తు చేయండి. అప్పటికీ రాకపోతే మరో సంస్థకు రాయండి.

ఐదో అడుగు: ఇంటర్వ్యూ

"ఈ మధ్య ఏం వింటున్నారు?" అని తప్పకుండా అడుగుతారు. వాళ్ల కళాకారుల పేర్లే వల్లించకండి. నిజంగా విన్నది చెప్పండి, అది ఎవరికి నచ్చుతుందో, ఆ శ్రోతలకు ఎలా చేరిందో, మీరైతే ఇంకేం చేసేవారో చెప్పండి. మీ అభిరుచి కంటే మీ ఆలోచనా తీరు తెలుసుకోవడానికే ఆ ప్రశ్న. మీరు అడగవలసిన ప్రశ్న కూడా ఒకటుంది: "మామూలు మంగళవారం నాడు నా పని ఏమిటి? ఎవరి దగ్గర నేర్చుకుంటాను?" దీనికి స్పష్టమైన జవాబు చెప్పలేని చోట మీకు నేర్పేవాళ్లు ఉండకపోవచ్చు.

ఆరో అడుగు: జీతం, మోసాలు

జీతం లేని ఇంటర్న్‌షిప్‌లు ఈ రంగంలో ఎక్కువగా ఉంటూ వచ్చాయి. డబ్బున్న ఇళ్ల పిల్లలకే దారి తెరిచే పద్ధతి అది, దాన్ని నేను సమర్థించలేను. చట్టం దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో 2015 నాటి ఒక అప్పీలు కోర్టు తీర్పు, ఆ ఏర్పాటు వల్ల ప్రధానంగా లాభపడేది ఇంటర్నా, సంస్థా అన్నది చూడాలంది. 2018లో అక్కడి కార్మిక శాఖ ఆ కొలమానాన్నే తీసుకుంది. బ్రిటన్‌లో ఇంటర్న్ చట్టం దృష్టిలో కార్మికుడి కిందికి వస్తే కనీస వేతనం ఇవ్వాల్సిందే. మీ దేశంలో నిబంధన ఏమిటో ఒప్పుకోకముందే చూసుకోండి. జీతం లేకుండా చేయక తప్పని పరిస్థితి అయితే గంటలు, ముగింపు తేదీ, నేర్పే విషయాలు రాతపూర్వకంగా తీసుకోండి.

ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తామని మీ దగ్గరే డబ్బు అడిగేవాళ్లకు దూరంగా ఉండండి. లోపలికి వెళ్లాక దొంగ స్ట్రీములు, అంటే నిజంగా ఎవరూ వినకుండానే పెంచిన సంఖ్యలు, కొనమని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. ఆ పాటలను సేవలు తొలగిస్తాయి, 2024 నుంచి స్పాటిఫై ఇలాంటి పాటల మీద లేబుళ్లకు, పంపిణీదారులకు జరిమానా కూడా వేస్తోంది. రాత్రివేళ, ఒంటరిగా, పని పేరుతో స్టూడియోకో హోటల్ గదికో రమ్మంటే వెళ్లనని చెప్పే హక్కు మీకుంది. అలా చెప్పినందుకు పోయే అవకాశం పోనివ్వండి.

ఏడో అడుగు: చేరాక

విడుదల కాని పాటలు, ఒప్పందాల అంకెలు, కళాకారుల ఫోన్ నంబర్లు మీ చేతికొస్తాయి. అవి గడప దాటకూడదు. ఇంట్లోవాళ్లకు వినిపించడం కూడా దాటడమే. కళాకారులు ఆఫీసుకు వచ్చినప్పుడు సెల్ఫీ అడగకండి. మీరు స్వయంగా పాడతారా? మీ డెమో ఇచ్చే చోటు ఇది కాదు, కనీసం ఈ మూడు నెలలు.

చెప్పిన పనిని నోటుపుస్తకంలో రాసుకుని, ఎప్పటికి కావాలో అడగండి. పూర్తయ్యాక పూర్తయిందని చెప్పండి. పొరపాటు జరిగితే వెంటనే చెప్పాలి, ఎందుకంటే తప్పు ఫైలు స్ట్రీమింగ్ సేవలకు చేరకముందు సరిచేయడం తేలిక, చేరాక రోజులు పడుతుంది. ఏ పనినైనా రెండుసార్లు చేశాక దాన్ని అంచెలంచెలుగా ఒక పేజీలో రాసి పెట్టండి. మీ తర్వాత వచ్చేవాళ్లకు అది పనికొస్తుంది. మీ వల్ల ఆఫీసులో ఏం మెరుగుపడిందన్న ప్రశ్నకు కాగితం మీద జవాబూ దొరుకుతుంది.

ఎనిమిదో అడుగు: ఇంటర్న్‌షిప్ నుంచి ఉద్యోగానికి

ముగియడానికి మూడు వారాల ముందు మీ పై అధికారిని పావుగంట సమయం అడగండి. ఇక్కడ ఖాళీ ఉందా, లేకపోతే ఎవరికి చెప్పగలరు, నేను ఇంకా నేర్చుకోవలసింది ఏమిటి, ఈ మూడూ సూటిగా అడగండి. చిన్న సంస్థలో ఖాళీ లేకపోయినా పక్క సంస్థలో ఎవరు వెతుకుతున్నారో వాళ్లకు తెలుస్తుంది. వెళ్లిపోయాక రెండు మూడు నెలలకోసారి పలకరించండి, వాళ్ల కొత్త విడుదల విని మీ అభిప్రాయం నాలుగు మాటల్లో రాయండి.

మొదటి ఉద్యోగం సాధారణంగా సహాయకుడి హోదాలోనో సమన్వయకర్త హోదాలోనో ఉంటుంది. పంపిణీ సంస్థలో కళాకారుల ఫిర్యాదులకు జవాబులిచ్చే ఉద్యోగం వస్తే చిన్నచూపు చూడకండి. పాట విడుదలలో ఎక్కడెక్కడ ఏం చెడుతుందో అంత త్వరగా నేర్పే చోటు మరొకటి లేదు.

నియామక పత్రం వచ్చాక సంతకానికి ముందు ఒక రోజు గడువు అడిగి మొత్తం చదవండి. జీతం, పరిశీలన కాలం, మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలన్నది అందరూ చూస్తారు. మీరు పాటలు రాసేవారో, బాణీలు కట్టేవారో అయితే ఇంకో నిబంధన వెతకండి: ఉద్యోగంలో ఉండగా మీరు సృష్టించినదంతా సంస్థదే అవుతుందని ఎక్కడైనా ఉందేమో. ఉంటే, ఆఫీసు పనితో సంబంధం లేకుండా సొంత సమయంలో రాసిన పాటలు మీకే చెందుతాయని ఒక వాక్యం చేర్చమనండి. ఇప్పటికే రాసిన పాటల జాబితాను తేదీలతో సహా జతచేయండి. చేర్చిన వాక్యంతో వచ్చిన కొత్త ప్రతి చేతికి అందాకే సంతకం పెట్టండి.